టైగర్ నోట్లోంచి వచ్చిన బ్యాక్టీరియా

చీము నమూనాతో పాటు వచ్చిన కాగితం మీద "కుడి చేయి, గాయం, చీము" అని మూడు ముక్కలు రాసి ఉన్నాయి. కుక్క కరిచిందన్న మాట ఎక్కడా లేదు. ఆ ఒక్క మాట ఉండి ఉంటే మొదటి రోజు నుంచే, బ్యాక్టీరియాను పెంచే ప్లేట్లను వేరుగా చూసేవాళ్లం. లేదు కాబట్టి అది మిగతా చీముల వరుసలోనే కూర్చుంది.

నెల్లూరులో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో నేను మైక్రోబయాలజిస్టుని. మూత్రం, కఫం, రక్తం, చీము, ఇవే మా రోజువారీ సరుకు. చీములో పెరిగేవి చాలావరకు పాత మొహాలే: స్టెఫైలోకాకస్ ఆరియస్, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా. ప్లేటు మూత తీస్తూనే గుర్తుపడతాం. రెండు రోజులు చూసి, రిపోర్టు రాసి, ప్లేట్లను ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే ఆటోక్లేవుకు పంపేస్తాం. 2024 సంక్రాంతి వెళ్లిన వారంలో వచ్చిన ఈ నమూనా కూడా అలాగే వెళ్లిపోవలసిందే.

మర్నాడు పొద్దున రక్తం కలిపిన జెల్లీ, అంటే బ్లడ్ అగర్ మీద బూడిద రంగులో నున్నటి కాలనీలు కనిపించాయి. పక్కనున్న, పేగుల్లో ఉండే రకాలు బాగా పెరిగే మెకాంకీ అగర్ మీద ఏమీ లేదు. మూత తీయగానే చాలా రోజులు కడగని ఎలుకల బోను దగ్గర నిలబడ్డట్టు ఒక వాసన కొట్టింది. ప్లేట్లను ముక్కుకు దగ్గరగా పెట్టుకోకూడదని ఏటా విద్యార్థులకు చెప్పేది నేనే. అయినా చూశాను, పాత అలవాటు. ఆ వాసన తెలిసినదే: పాశ్చురెల్లా. పిల్లుల నోళ్లలో, కుక్కల నోళ్లలో కాపురముండే బ్యాక్టీరియా.

వెంటనే వార్డుకు ఫోన్ చేశాను. "ఈయన్ను ఏదైనా జంతువు కరిచిందా?"

"అవును మేడమ్, కుక్క. రాయలేదా?"

రాయలేదు.

మనిషిని చూద్దామని వార్డుకు వెళ్లాను. యాభై దాటిన వయసు, షుగరు ఉంది. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. గుంటల గట్టు మీద రెండు కుక్కలు కొట్లాడుకుంటుంటే విడదీయబోయాడు. వాటిలో ఒకటి తను పెంచుకునేదే, పేరు టైగర్. అది ఎవరి చేయని చూడకుండా కరిచేసింది. బొటనవేలి మొదట్లో రెండు లోతైన గాట్లు. కాఫీపొడి అద్ది, గుడ్డ కట్టుకుని, మూడో రోజు చేయి మణికట్టు దాకా ఉబ్బాక వచ్చాడు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో పావుగంట సేపు కడగవలసిన గాయాన్ని కాఫీపొడితో మూసేశాడన్నమాట. రేబిస్ టీకా మొదటి మోతాదు, గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు) వచ్చిన రోజే ఇచ్చారు. కుట్లు వేయకుండా చీము తీసి వదిలేశారు. అమాక్సిసిల్లిన్-క్లావులానిక్ ఆమ్లం మొదలుపెట్టారు. కాటు గాయానికి అది సరైన మందే.

"మా టైగర్ మంచిదేనమ్మా, అది కావాలని కరవలేదు" అన్నాడు. నేను అడిగింది కుక్క స్వభావం గురించి కాదు. అయినా ఆ మాట ముందు చెప్పందే ఆయన మనసు కుదుటపడేలా లేదు.

ఇక్కడితో నా పని అయిపోవాలి. పాశ్చురెల్లా పెరిగింది, మందు సరిపోతుంది, రిపోర్టు వెళ్లింది. మా సీనియర్ టెక్నీషియన్ మాత్రం ప్లేటును పారేయలేదు. ఇరవై ఏళ్లుగా ప్లేట్లు చూస్తున్న మనిషి. కాటు గాయమని తెలిశాక ఆ ప్లేటును మళ్లీ కొవ్వొత్తి జాడీలో పెట్టి వెళ్లాడు. గాజు జాడీలో ప్లేట్లు పేర్చి, పైన కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తే, అది ఆరిపోయేసరికి లోపల కార్బన్ డయాక్సైడ్ కాస్త పెరుగుతుంది. నోళ్లలో బతికే సూక్ష్మజీవులకు ఆ గాలి ఇష్టం. ఖరీదైన ఇంక్యుబేటర్ లేని చోట మా తాతల కాలం నాటి ఈ ఉపాయమే దిక్కు.

రెండో రోజు సాయంత్రం పిలిచాడు. "మేడమ్, ఇందులో రెండు రకాలున్నాయి."

నాకు కనబడలేదు. ప్లేటును కిటికీ వైపు తిప్పి, ఏటవాలుగా పట్టుకున్నాడు. అప్పుడు కనిపించాయి. పాశ్చురెల్లా కాలనీల మధ్య సందుల్లో సూదిమొన ఆనించినంత చుక్కలు, చదునుగా, లేత పసుపు ఛాయతో. నేరుగా చూస్తే అగర్ మీద నీటి తుంపర అనుకుంటాం.

ఆ చుక్కల్ని పాశ్చురెల్లా నుంచి విడదీయడానికి తొమ్మిది రోజులు పట్టింది. లూప్ కొనతో ఒక చుక్కను అంటించి కొత్త ప్లేటు మీద గీయడం, రెండు రోజులు ఆగడం, మళ్లీ అందులోంచి ఒక చుక్క. ప్రతిసారీ ఏదో ఒక మూల పాశ్చురెల్లా తొంగిచూసేది. ఈ పనిలో తెలివి అక్కర్లేదు, ఓపిక కావాలి. నాకు రెండోది తక్కువ, టెక్నీషియనుకు ఎక్కువ. అందుకని పని ఆయన చేశాడు, గొణుగుడు నేను పడ్డాను.

బ్లడ్ అగర్ గురించి ఒక పక్కమాట. ఆ ప్లేట్లలో వందకు అయిదు పాళ్లు గొర్రె రక్తం ఉంటుంది. దాన్ని గాజుపూసలు వేసిన సీసాలోకి పట్టి, గడ్డకట్టకుండా పది నిమిషాలు ఆపకుండా ఊపాలి. గొర్రెలకు పేరుపడ్డ జిల్లాలో ఉన్నాం కాబట్టి మాకు రక్తానికి కరువు లేదు. మాకు రక్తం ఇచ్చేది ఎక్కువగా జోడిపి రకం, తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ, మూతి చుట్టూ నల్లటి మచ్చలు. వేరే రాష్ట్రాల్లోని స్నేహితులు గొర్రె రక్తం దొరక్క, రక్తనిధిలో గడువు తీరిపోయిన మనిషి రక్తంతో సర్దుకుంటున్నామని వాపోతుంటే నాకు నెల్లూరు గొర్రె మీద గౌరవం పెరుగుతుంది. మనిషి రక్తంలో యాంటీబాడీలు, మందుల అవశేషాలు ఉండొచ్చు. ఇలాంటి సుకుమారమైన చుక్కలు దాని మీద అసలు పెరిగేవే కావేమో.

శుద్ధమైన కల్చర్ చేతికొచ్చాక, రంగులద్ది బ్యాక్టీరియాను పాజిటివ్, నెగెటివ్ అని రెండు గుంపులుగా చీల్చే గ్రామ్ స్టెయిన్ చేశాను. 1884లో హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ చెప్పిన పద్ధతి, ఇవాళ్టికీ ప్రతి ప్రయోగశాలలో తొలి మెట్టు. గులాబి రంగు పొట్టి కడ్డీలు కనిపించాయి. కొన్ని జంటలుగా, కొన్ని పొట్టి గొలుసులుగా. అంటే గ్రామ్ నెగెటివ్. నా కళ్లను నమ్మక పొటాషియం హైడ్రాక్సైడ్ పరీక్ష కూడా చేశాను. గాజు పలక మీద మూడు శాతం ద్రావణం ఒక చుక్క వేసి, కాలనీని అందులో కలిపి, లూప్‌ను నెమ్మదిగా పైకి లేపాలి. గ్రామ్ నెగెటివ్ అయితే గోడలు పగిలి లోపలి డీఎన్‌ఏ బయటికొచ్చి, బెల్లం పాకంలా తీగ సాగుతుంది. సాగింది. ఆక్సిడేజ్ అనే ఎంజైమును పట్టే కాగితం మీద రుద్దితే పది సెకన్లలోపే ముదురు ఊదా రంగు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చూసే కాటలేజ్ పరీక్ష కూడా పాజిటివ్, బుడగలు పొంగాయి.

అప్పుడు నా గుండె ఒక్కసారి ఝల్లుమంది. చిన్న గ్రామ్ నెగెటివ్ కడ్డీలు, మెల్లగా పెరిగేవి, ఆక్సిడేజ్ పాజిటివ్, కాటలేజ్ పాజిటివ్, మెకాంకీ మీద పెరగవు. ఈ వర్ణన, జంతువుల నుంచి మనుషులకు అంటి జ్వరం తెచ్చే బ్రూసెల్లాకు కూడా సరిపోతుంది. గొర్రెలు, మేకలు, పశువులు, కుక్కలు, అన్నిటిలోనూ దాని రకాలున్నాయి. ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు గాలిలో అంటుకునే జబ్బుల్లో అది ముందు వరుసలో ఉంటుంది. నేనేమో మొదటి రోజు ఆ ప్లేటునే వాసన చూశాను. ప్లేట్లన్నీ వెంటనే బయోసేఫ్టీ క్యాబినెట్‌లోకి మారాయి. యూరియా గొట్టంలో వేసి పెట్టాం. బ్రూసెల్లా అయితే సాధారణంగా కొద్ది గంటల్లోనే గొట్టం గులాబి రంగుకు మారుతుంది. గంటకోసారి వెళ్లి చూస్తూ కూర్చున్నాను. సాయంత్రం, మర్నాడు, ఆ మర్నాడు కూడా పసుపుగానే ఉంది. ఆ ఒక్క పరీక్షతో బ్రూసెల్లా కాదని తేల్చేయకూడదు కాబట్టి క్యాబినెట్ దాటి బయటికి తీయలేదు. ఆ రోజు నుంచి ఏ ప్లేటునూ వాసన చూడలేదు.

మా దగ్గరున్న ఆటోమేటిక్ యంత్రానికి ఇచ్చాం. అది చిన్న బావులున్న కార్డులో పదుల కొద్దీ రసాయన చర్యలు చూసి పేరు చెబుతుంది. మొదటిసారి ఒక పేరు చెప్పి, పక్కన నమ్మకం తక్కువ అని రాసింది. రెండోసారి ఇంకో పేరు. మూడోసారి గుర్తించలేనంది. ఆ మూడిటిలో నాకు గౌరవం కలిగింది మూడో జవాబు మీదే. యంత్రం తన జాబితాలో ఉన్న పేర్లలోంచే ఎంచుకుంటుంది. జాబితాలో లేనిది ఎదురైతే దగ్గర పోలికలున్న పేరేదో తగిలిస్తుంది. చాలా ప్రయోగశాలల్లో కథ ఇక్కడే ముగుస్తుంది. తప్పు పేరుతో రిపోర్టు వెళుతుంది, మందు ఎలాగూ పనిచేస్తుంది, రోగి ఇంటికి వెళతాడు, ఎవరికీ ఏమీ తెలియదు.

మాల్డీ-టాఫ్ అనే పరికరం మా దగ్గర లేదు. కాలనీని లోహపు పలక మీద పూసి, పైన మాట్రిక్స్ రసాయనం వేసి, లేజర్ కొడితే ప్రోటీన్లు ఎగిరి, బరువును బట్టి ముందూ వెనకా గమ్యం చేరతాయి. ఆ క్రమమే ఆ బ్యాక్టీరియా వేలిముద్ర. మూడు పొరల ప్యాకింగ్ చేసి, కాగితాలు జతచేసి, బ్రూసెల్లా అనుమానం సంగతి ముందే చెప్పి చెన్నైలోని ఒక పెద్ద ప్రయోగశాలకు పంపాం. ఆ పద్ధతిలో స్కోరు 2 దాటితే జాతి పేరు నమ్మొచ్చు, 1.7 నుంచి 2 లోపు అయితే ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకే, 1.7కు తగ్గితే ఏమీ చెప్పలేం. మాది మొదట 1.7కు కింద. ఫార్మిక్ ఆమ్లంతో కణాల గోడలు మెత్తబరిచి మళ్లీ కొడితే ప్రజాతి స్థాయికి చేరింది: నైసీరియా.

ఈ మాట విన్న సర్జరీ జూనియర్ డాక్టరు ముఖం చూడాలి. నైసీరియా అనగానే వైద్య విద్యార్థులకు గుర్తొచ్చేవి రెండే, గనోరియా, మెనింజైటిస్. "చేతి గాయంలోనా మేడమ్?" అని మెల్లగా అడిగాడు. ఆ ప్రజాతి పెద్దదని, చాలా భాగం మనుషుల, జంతువుల నోళ్లలో ఎవరి జోలికీ పోకుండా బతుకుతాయని, అన్నీ జంట గుండ్రాలుగా ఉండవని, కడ్డీ ఆకారంలోనివీ ఉన్నాయని చెప్పేసరికి కుదుటపడ్డాడు. రోగి కేసు షీటులో మాత్రం ఆ పేరు పెద్దక్షరాలతో రాయవద్దని బతిమాలాను. ఊళ్లో ఆ పేరుకున్న అర్థం వేరు.

కుక్కకాటు గాయాల్లో కనబడే ఈ కడ్డీ నైసీరియాల చరిత్ర నాకు అప్పుడే సరిగ్గా తెలిసింది. అమెరికాలోని వ్యాధి నియంత్రణ కేంద్రానికి దశాబ్దాల పాటు కాటు గాయాల నుంచి పేరులేని బ్యాక్టీరియాలు వచ్చి చేరేవి. వాటికి పేర్లు లేక అక్షరాలు, అంకెలు తగిలించారు: ఎం-5, ఈఎఫ్-4ఏ, ఈఎఫ్-4బీ, డీఎఫ్-2. వీటిలో ఎం-5కు 1993లో నైసీరియా వీవరి అని పేరొచ్చింది. అది అక్కడ ఇలాంటి బ్యాక్టీరియాల మీద ఏళ్లకేళ్లు పనిచేసిన రాబర్ట్ వీవర్ పేరు మీద పెట్టింది. ఈఎఫ్-4 జంట 2006 దాకా ఆగవలసి వచ్చింది. నైసీరియా ఆనిమలోరిస్, నైసీరియా జూడెగ్మాటిస్. మొదటిదానికి జంతువు నోటిదని, రెండోదానికి జంతువు కాటుదని అర్థం. అన్నిటికంటే ప్రమాదకరమైన డీఎఫ్-2 గురించి మొదటి కేసు 1976లో అచ్చయింది, కాప్నోసైటోఫాగా కానిమోర్సస్ అన్న పేరు 1989లో వచ్చింది. ప్లీహం తీసేసినవాళ్లను, తాగుడు అలవాటున్నవాళ్లను కుక్కకాటు తర్వాత రోజుల్లోనే చంపగలిగిన బ్యాక్టీరియా పదమూడేళ్లు పేరు లేకుండానే తిరిగింది.

నాకు ధైర్యమిచ్చింది బ్రిటన్ సంగతి. 2020లో అక్కడ 48 ఏళ్ల మనిషిని పిల్లి చాలాచోట్ల కరిచింది. ఎనిమిది గంటల్లో చేతులు వాచి ఆసుపత్రికి వచ్చాడు. గాయంలో పెరిగింది స్ట్రెప్టోకాకస్‌లా కనిపించింది, కానీ ఏ జాబితాలోనూ కుదరలేదు. జన్యుక్రమం తీస్తే గ్లోబికాటెల్లా ప్రజాతికి చెందిన, అంతవరకు ఎవరూ వర్ణించని జాతి అని తేలింది. దగ్గరి బంధువుల జీనోమ్‌లతో, అంటే మొత్తం డీఎన్‌ఏతో పోలిస్తే ఇరవై శాతం దాకా తేడా. ఆ నివేదిక అచ్చయింది 2023లో. మనిషి బాగయ్యాడు. ఆ నివేదిక చదివిన ఏడాదే అయి ఉండకపోతే నేను కూడా యంత్రం చెప్పిన మొదటి పేరు రాసి పక్కన పెట్టేసేదాన్ని.

తర్వాతి మెట్టు 16ఎస్ జన్యువు. ప్రతి బ్యాక్టీరియాలోనూ ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు ఉంటాయి, వాటిలో ఒక ముక్కకు నమూనా ఈ జన్యువు. దాదాపు 1,500 డీఎన్‌ఏ అక్షరాల పొడవు. జీవం నడవడానికి అది తప్పనిసరి కాబట్టి చాలా నెమ్మదిగా మారుతుంది. అందుకే బంధుత్వాలు కొలవడానికి పనికొస్తుంది. 1977లో కార్ల్ వోస్ ఈ కొలతతోనే బ్యాక్టీరియా కాని సూక్ష్మజీవుల మరో ప్రపంచాన్ని, ఆర్కియాను బయటపెట్టాడు. మేం జన్యువును పెంచి, క్రమం చదివే సంస్థకు పంపాం.

ఫలితం చూడగానే నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పాశ్చురెల్లా, దాదాపు నూటికి నూరు. తొమ్మిది రోజులు ఏరిన ఓపిక ఏమైనట్టు? వారం తర్వాత తప్పు తేలింది. తప్పు నాది. ఫ్రీజరులో పాత ప్లేటు నుంచి దాచిన గొట్టం, శుద్ధి చేసిన గొట్టం పక్కపక్కనే ఉన్నాయి. గబగబా పాతది తీసి ఇచ్చాను. రెండిటి మీదా తేదీ ఒకటే రాసి పెట్టింది కూడా నేనే. టెక్నీషియన్ ఏమీ అనలేదు. ఆ రోజు నుంచి గొట్టాల మీద ఆయనే రాస్తున్నాడు, నా చేతికి పెన్ను ఇవ్వడం లేదు.

రెండోసారి వచ్చిన క్రమాన్ని డేటాబేస్‌లో వేసి చూశాను. పేరున్న జాతుల్లో దగ్గరిది ఆ 2006 జంటలో ఒకటి, పోలిక 98 శాతానికి కాస్త కింద. ఒకప్పుడు 97 శాతం దగ్గర గీత గీసేవారు. ఇప్పుడు 98.7 దగ్గర గీస్తున్నారు. దానికి దిగువన ఉంటే వేరే జాతి కావడానికి అవకాశం బాగా ఉందని అర్థం. కానీ నన్ను కుర్చీలోంచి లేపింది ఆ అంకె కాదు. జాబితాలో అన్నిటికంటే పైన, దాదాపు సంపూర్ణమైన పోలికతో ఇంకొక క్రమం ఉంది. దాని పక్కన పేరు లేదు. కుక్క నోటి నుంచి తీసినదని మాత్రం రాసి ఉంది.

అంటే ఇది నాకంటే ముందే ఎవరి కంటికో పడింది. కుక్కల నోటి బ్యాక్టీరియాల మీద 2012లో పెద్ద పని ఒకటి జరిగింది. కుక్కల నోళ్లలోంచి 353 రకాల జన్యుక్రమాలు బయటపడితే, వాటిలో ఎనభై శాతానికి పేర్లే లేవు. మనుషుల నోళ్లలో ఉండేవాటితో కలిసేవి ఆరోవంతు మాత్రమే. ఊళ్లో అందరికీ తెలిసిన మనిషి, పుట్టి పెరిగింది అక్కడే, కానీ ఓటర్ల జాబితాలో పేరు లేదు. మా చుక్కలు అలాంటివి. టైగర్ నోట్లో, దాని తల్లి నోట్లో, ఎన్ని తరాల కుక్కల నోళ్లలోనో అవి ఉండే ఉంటాయి. నేను కనిపెట్టానని ఇంట్లో గొప్పగా చెప్పబోయిన వాక్యం గొంతులోనే ఆగిపోయింది.

నైసీరియాలతో ఇంకో చిక్కుంది. అవి పక్కవాళ్ల డీఎన్‌ఏను చొక్కాలు మార్చుకున్నంత తేలికగా తీసుకుంటాయి. కాబట్టి వీటి విషయంలో 16ఎస్ ఒక్కదాన్నే నమ్మకూడదు, మొత్తం జీనోమ్ చదవాలి. ఖర్చు మాటకొస్తే ఎవరి జేబులోంచి అన్న ప్రశ్న వచ్చింది. రోగి చికిత్సకు ఇది అక్కర్లేదు, కాబట్టి ఆసుపత్రి ఇవ్వదు. అడగడం కూడా న్యాయం కాదు. కాలేజీ రోజుల స్నేహితురాలు ఒక పరిశోధన సంస్థలో ఉంటే, ఆమె నమూనాల వరుసలో మాది కూడా ఒకటి కలిపింది. మూడు నెలలు పట్టింది. రెండున్నర మిలియన్ల అక్షరాల జీనోమ్. రెండు జీనోమ్‌లను ముక్కముక్కగా పోల్చి సగటు తీస్తే 95, 96 శాతం దగ్గర జాతుల మధ్య గీత పడుతుంది. పూర్వం రెండు డీఎన్‌ఏలను కరిగించి కలిపి డెబ్బై శాతం అతుకుతాయా అని చూసేవారు, దానికి బదులు వచ్చిన లెక్క ఇది. మాకు దగ్గరి బంధువుతో 90కి అటూ ఇటూ వచ్చింది.

ఇంట్లో మా అమ్మ ఒకటే అడిగింది, "కుక్క నోట్లో పురుక్కి పేరు పెట్టడానికి ఇన్నాళ్లా?" అని. పురుడు పోసుకున్న ఇరవయ్యొకటో రోజున మనవడికి పేరు పెట్టేసిన మనిషి అలా అడగడంలో తప్పులేదు.

చిక్కేమిటంటే మా దగ్గరున్నది ఒకే ఒక్క నమూనా. ఒక్క నమూనాతో కొత్త జాతిని ప్రకటించడానికి నియమాలు అడ్డురావు, చాలామంది చేస్తారు. నాకే మనసొప్పలేదు. ఒక్క మనిషిని చూసి ఊరి స్వభావం చెప్పినట్టుంటుంది. టైగర్ నోటిని అడగాలి.

అప్పటికి పెద్దాయన గాయం మానిపోయి నెలలైంది. కరిచిన నాటి నుంచి పది రోజులు కుక్కను కనిపెట్టి ఉండమంటే బుద్ధిగా కనిపెట్టాడు, అది హాయిగానే ఉంది. టీకాలన్నీ పూర్తిచేసుకున్నాడు. ఫోన్ చేసి విషయం చెబితే, "దాన్ని ఏమైనా చేస్తారా అమ్మా?" అన్నాడు. నోట్లో దూది పుల్ల తిప్పడమే అన్నాను. ఎథిక్స్ కమిటీ కాగితాలు, ఆయన సంతకం, పశువైద్యుడి తోడు, అన్నీ కూడదీసుకుని ఒక ఆదివారం గుంటల దగ్గరికి వెళ్లాం. ఏరియేటర్లు తిరుగుతున్న చప్పుడు, ఉప్పు గాలి, గట్టు మీద కొబ్బరి మట్టల పాక. టైగర్ అనగానే పెద్ద జంతువును ఊహించుకున్నాను. మోకాలెత్తు కూడా లేని ఎర్రకుక్క. ఒక చెవి సగం తెగి ఉంది. పెద్దాయన దాని పక్కన గొంతుకు కూర్చుని, కరిచిన చేత్తోనే దాని మూతి పట్టుకుని, పై పెదవి పైకెత్తాడు. పశువైద్యుడు చిగుళ్ల వెంట పుల్ల తిప్పాడు. రెండు క్షణాల పని. అది ఒక్కసారి నాలుక చప్పరించి, మేం తెచ్చిన బిస్కట్ల వైపు చూసింది.

మొదటి ప్లేటు పనికిరాలేదు. కుక్క నోట్లో ఉండేవన్నీ ఒకదాని మీద ఒకటి పడి పెరిగాయి, ప్రోటియస్ అనే బ్యాక్టీరియా ప్లేటంతా అలలు అలలుగా పాకింది. రెండోసారి వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపిన ప్లేట్ల మీద వేశాం, గ్రామ్ పాజిటివ్‌లు తగ్గాయి కానీ మాకు కావలసినవి కనబడలేదు. మళ్లీ ఆదివారం, మళ్లీ బిస్కట్లు. ఈసారి పుల్లను సెలైన్‌లో పదిరెట్లు, వందరెట్లు, వెయ్యిరెట్లు పలుచన చేసి పది ప్లేట్ల మీద పరిచాం. మూడో రోజు టెక్నీషియన్ ఒక్కో ప్లేటును కిటికీ వైపు ఏటవాలుగా తిప్పుతూ, ఏడో ప్లేటు దగ్గర ఆగాడు. ఏమీ అనకుండా నా చేతికిచ్చాడు. ఈసారి నాకు చెప్పించుకోకుండానే కనిపించాయి, లేత పసుపు చుక్కలు. 16ఎస్ రెండోదీ మొదటిదానితో సరిపోయింది. టైగర్‌తో కొట్లాడిన ఆ రెండో కుక్క ఎవరిదో, ఎక్కడుందో ఎవరికీ తెలియదు. దాని నోరు కూడా చూడాలని నాకుంది.

ఇప్పుడు పేరు. డిపార్ట్‌మెంటులో పిల్లలు నెల్లూరు పేరుకు లాటిన్ తోక తగిలించమని పట్టుబడుతున్నారు. ఊరి పేరు పెట్టే ఆచారం ఉంది కానీ నాకు ఇష్టం లేదు. రేపు ఎవరికైనా జబ్బు చేస్తే ఊరి పేరు మోయడం ఎందుకు? పెద్దాయనకు చెబితే, "టైగర్ అని పెట్టొచ్చుగా" అన్నాడు. పులి నోట్లోంచి వచ్చిందని జనం పొరబడతారని చెబితే ఒప్పుకున్నాడు.

పేరు ఏదైనా, నిలవాలంటే సజీవమైన కల్చర్‌ను కనీసం రెండు దేశాల్లోని బహిరంగ నిల్వ కేంద్రాలకు ఇచ్చి, ఎవరడిగినా ఇస్తామని అవి రాసిచ్చిన ధ్రువపత్రాలు చూపాలి. మనకు చండీగఢ్‌లో ఒకటి, పుణేలో ఒకటి ఉన్నాయి. కానీ ఆ రెండూ ఒకే దేశం కిందికి వస్తాయి. బయటి దేశానికి పంపాలంటే 2002 నాటి జీవవైవిధ్య చట్టం ఉంది, దాని అనుమతుల కార్యాలయం చెన్నైలో. నెల్లూరు నుంచి పొద్దున రైలెక్కితే మధ్యాహ్నానికి పని చూసుకుని రావొచ్చు, పని అయితే. ఇప్పటికి రెండుసార్లు వెళ్లొచ్చాను. మొదటిసారి ఒక ఫారం తక్కువైంది. రెండోసారి ఫారం ఉంది, దానిలో జీవ వనరు సేకరించిన స్థలం అన్న గడి ఖాళీగా వదిలేశాను. రొయ్యల గుంట అని రాయాలా, ఆసుపత్రి అని రాయాలా, కుక్క నోరు అని రాయాలా అన్నది తేల్చుకోలేక.

వచ్చే సోమవారం మళ్లీ వెళుతున్నాను. గడి టెక్నీషియన్ నింపాడు.